జీతం అడగడం అవిశ్వాసమా?



మాది ఉదయగిరి కొండ కింద పల్లె. థియాలజీ చదివి వచ్చాను గానీ ఇంకా ఎక్కడా సేవ కుదరలేదు. నా భార్య కొయ్య గరిటెలు, చెంచాలు నునుపు పట్టే పనికి వెళ్తోంది. ఆ కూలి మీదే ఇల్లు, పాపకి పాలు.

ఆత్మకూరు వైపు ఒక సంఘంలో ఆదివారం నాతో వాక్యం చెప్పించారు. తర్వాత పెద్దలు అడిగిన వాటిలో వాక్యం గురించి ఒక్క ప్రశ్నా లేదు. కీబోర్డు వచ్చా? అమ్మగారు సండే స్కూలు, స్త్రీల కూడిక చూసుకుంటారా? ‘మీదే పల్లె?’ అన్నారు. మాలపల్లా, మాదిగపల్లా అని దానర్థం. జీతం ఎంత కావాలంటే ‘దేవుడు చూపినంత చాలండి’ అన్నాను. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు.

నెల్లూరులో ఒక సంస్థవాళ్ళు ‘నెలకి ఎన్ని బాప్తిస్మాలు చూపిస్తారు? ఫోటోలు పంపాలి’ అన్నారు. నాకు నోట మాట రాలేదు.

కొండ పక్కన చిన్న కూడిక ఒకటుంది. అక్కడ ఒక పెద్దామె ‘అబ్బయ్యా, అర్ధరాత్రి బిడ్డకి జొరమొస్తే వస్తావా?’ అని అడిగింది. వస్తానన్నాను. వాళ్ళు ఇవ్వగలిగింది కానుకల్లో కొంత, కాసిని బియ్యం. మా అమ్మేమో బెంగుళూరు పోయి ఏదైనా పని చూసుకోమంటోంది. పనిలో చేరితే పిలుపును వదిలేసినట్టేనా అక్కా?

— ఒక సోదరుడు, ఉదయగిరి

తమ్ముడూ,

‘దేవుడు చూపినంత’ అన్న మాట మీరు మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ మీ జీతం తేల్చాల్సింది ఆ పూట మీ ఎదుట కూర్చున్న పెద్దలు. వాళ్ళు వెయ్యాల్సిన లెక్కను మీరు దేవుడి మీద పెట్టి వచ్చారు. పౌలు డేరాలు కుట్టుకుని బతికాడని పాస్టరుకి గుర్తుచెయ్యని కమిటీ ఉండదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం ఇంకోసారి చదవండి. సువార్త చెప్పేవాడికి దాని మీద బతికే హక్కుందని ముందు గట్టిగా వాదించి, ఆ తర్వాతే తనకు వద్దన్నాడు. వదులుకున్నది పౌలు. ఆయన తరఫున సంఘం వదులుకోలేదు. మీ జీతం వదులుకునే అధికారం కమిటీకి లేదు. మీ పాప పాలు వదులుకునే అధికారం మీకూ లేదు.

ఇకమీదట అంకె చెప్పండి. అద్దె, పాలు, మందులు ఇంటి దగ్గరే కాగితం మీద వేసుకుని వెళ్ళండి. అంత ఇవ్వలేమంటే, వారంలో ఏయే రోజులు మీరు కావాలో అడిగి, మిగతా రోజులు వేరే పని చేసుకుంటానని చెప్పండి. పాస్టరు ఇల్లు ఉందా, వద్దనుకుంటే ఎన్ని నెలల ముందు చెప్తారు అన్నవి కూడా మినిట్స్ పుస్తకంలో రాయించండి.

పనిచేస్తే పిలుపు పోతుందన్న భయానికి మన ప్రాంత చరిత్రలో ఆధారం లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో కేంద్రాలు తెరవకముందే 1876–78 నాటి కరువు వచ్చింది. అప్పుడు అదే మిషన్ తరఫున ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన ప్రసంగీకులే అక్కడ మేస్త్రీలు. తవ్వకం చూసుకుంటూనే, కూలీలు కాసేపు కూర్చున్నప్పుడు వాళ్ళ పక్కన చేరి వాక్యం చెప్పేవాళ్ళు. తిండికి ఆశపడి సంఘంలో చేరారన్న మాట రాకూడదని క్లౌ ఆ కరువులో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు. దాని ముందు నెలల తరబడి ఆగిన సంగతే ఎవరూ చెప్పరు. నెలకి ఎన్ని అని అడిగినవాళ్ళ ముందు మీకు మాట రాకపోవడం నాకు సంతోషం. అటు మళ్ళీ వెళ్ళకండి.

‘మీదే పల్లె’ అన్న ప్రశ్న మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునేవాళ్ళు అడగాల్సిన మాటా అది? ఆ బాప్తిస్మాల వరకూ వచ్చిన ఒంగోలు క్రైస్తవ ఉద్యమానికి దారి తెరిచిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారి. మీ పల్లె పేరు తలెత్తి చెప్పండి. అది తెలిస్తే నా సేవలో ఏం మారుతుందండీ అని నెమ్మదిగా అడగండి.

నన్నడిగితే కొండ పక్క కూడికకే వెళ్ళండి. పాస్టరు చేసే పని గురించి అడిగింది ఆ పెద్దామె ఒక్కతే. బెంగుళూరులో ఉండి ఆమెకిచ్చిన మాట నిలబెట్టలేరు. అందుకే పని ఉదయగిరిలోనే చూసుకోండి, బడిలో గానీ ట్యూషన్లు గానీ. ఆదివారాలు, వారం మధ్యలో ఒక సాయంత్రం కూడికకి ఉంచండి. రోగుల దగ్గర మీ మనసు నిలుస్తుందని తేలితే, వేలూరు సీఎంసీ లాంటి ఆసుపత్రుల్లో చాప్లిన్ శిక్షణ గురించీ వాకబు చెయ్యండి.

మీ ఉత్తరంలో మీ భార్య చేసే పని ఉంది గానీ ఆమె ఏమంటోందో లేదు. సండే స్కూలు ఆమె చూస్తుందో లేదో ఆమెను అడిగి తేల్చాల్సిన సంగతి. కూడికవాళ్ళతో మాట్లాడుకునే రోజు ఆమెనూ తీసుకెళ్ళండి. ఖర్చుల కాగితం ఆమె చేతే రాయించండి, ఇల్లు నడుపుతున్నది ఆమే కదా.