సీడీ రాసేటప్పుడు ఒక్కటే పని





గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల మన వాడల్లో ఏప్రిల్ 14కో, బుద్ధ పూర్ణిమకో వందన పాఠాలు, పెద్దల ప్రసంగాలు సీడీలకెక్కించి పంచాలనుకునే యువకుల కోసం ఈ పాఠం. ఖాళీ సీడీ ఖరీదు కొద్దిదే. కానీ దాంట్లోకి ఎక్కేది రేపు మళ్లీ వినలేని ఒక పెద్దాయన గొంతు కావచ్చు.

ముందు సీడీ ఎలా రాస్తుందో చూద్దాం. దాని మీద సన్నని రంగు పొర ఉంటుంది. లేజర్ కిరణం ఆ పొరను కాల్చి గుర్తులు పెడుతూ, లోపలి నుంచి బయటికి సుడి తిరుగుతూ పోతుంది. ఆ సుడిని విప్పి పరిస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. మామూలు సీడీలో ఒకసారి కాలిన గుర్తు ఇక చెరగదు.

లేజర్ రాస్తున్నంతసేపూ డేటా తెగకుండా అందాలి. 1 ఎక్స్ వేగమంటే సెకనుకు 150 కిలోబైట్లు. 4 ఎక్స్ అంటే 600. మధ్యలో బఫర్ అనే చిన్న నిల్వ ఉంటుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకు లాంటిదనుకోండి. 2 మెగాబైట్ల బఫర్ 4 ఎక్స్ దగ్గర సుమారు మూడున్నర సెకన్లే ఆదుకుంటుంది. కింద కుళాయి పారుతుండగా పైన మోటారు ఆగితే ఏమవుతుంది?

సీడీ రాస్తూనే గేమ్ ఆడితే, వైరస్ స్కాన్ పెడితే, పెద్ద ఫైలు కాపీ చేస్తే జరిగేది అదే. ఒకే ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ అన్ని పనులూ నిజంగా ఒక్కసారే చేయదు. ఒక్కోదానికి రవ్వంత సమయమిచ్చి ఇంకోదానికి మారుతుంది. హార్డ్ డిస్క్ కూడా అటూ ఇటూ ఉరకాలి. బఫర్ ఎండిపోతే పాత డ్రైవుల్లో సీడీ అక్కడితో పాడు. 2000 ప్రాంతంలో సాన్యో వాళ్ల బర్న్‌ప్రూఫ్ వచ్చాక, డేటా ఆగితే లేజర్ కూడా ఆగి, అదే చోట మళ్లీ అందుకుంటుంది. కానీ కరెంటు పోయినా, కంప్యూటర్ బిగుసుకుపోయినా అది కాపాడదు.

కాబట్టి ఇలా చేయండి:

1. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయండి. స్క్రీన్ సేవర్ ఆపండి.
2. పాత కంప్యూటరైతే వేగం తగ్గించండి. 4 ఎక్స్‌లో నిండు సీడీకి 20 నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి.
3. రాసింది సరిపోల్చే 'వెరిఫై' వదలొద్దు. తర్వాత ఇంకో ప్లేయర్‌లో వేసి వినండి.
4. విన్నాకగానీ కంప్యూటర్‌లోని అసలు ఫైలు తీసేయొద్దు. తీయకుంటే ఇంకా మంచిది.

ఇది ధమ్మ సాధనకు దూరం కాదు. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో 11వది అష్టాంగ మార్గం గురించే. 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఆయన సమాధికీ సమ్యక్ సమాధికీ తేడా చూపించారు. ఉత్త ఏకాగ్రత కాసేపే నిలుస్తుంది. మనసు మంచినే తలచేలా దానికి శాశ్వతమైన అలవాటు చేసేది సమ్యక్ సమాధి. సీడీకీ ఇది వర్తిస్తుంది. తప్పు ఫైలును ఎంత శ్రద్ధగా రాసినా తప్పే నిలుస్తుంది. అందుకే బటన్ నొక్కేముందు ఏం రాస్తున్నామో చూసుకోవాలి. నొక్కాక దాన్ని సాగనివ్వాలి.

సరిచూసుకోవడం కూడా మనకు కొత్త కాదు. బుద్ధుని పరినిర్వాణం తర్వాత రాజగృహంలో ఆనందుడు ధమ్మాన్ని, ఉపాలి వినయాన్ని వినిపించారనీ, 500 మంది భిక్షువులు విని కలిసి వల్లించారనీ సంప్రదాయం. రాత లేని రోజుల్లో సంఘమంతా కూర్చుని చేసిన పని అది. మనం ఒక పెద్దాయన మాట కోసం 20 నిమిషాలు కూర్చోలేమా?

మీ వాడలో ఎవరి గొంతు ముందు భద్రపరచాలి? ఈ ఆదివారం వందన తర్వాత కలిసి మాట్లాడుకోండి.

జై భీమ్!