పరదేశపు పెట్టుబడియు, స్వదేశపు లంచమును

విద్యార్థులారా! “పరదేశీయులు మన దేశమున ధనము పెట్టినచో లంచగొండితనము పెరుగునా, తగ్గునా?” అని పై తరగతి బాలుడొకడు మమ్మడిగెను. ఆనాడు గంట మ్రోగుటచే సగమే చెప్పగలిగితిమి. తక్కినది ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ ప్రశ్నకు మన ప్రాంతమునందే ఉదాహరణము గలదు. నరసాపురము చెంత మాధవాయపాలెమున ఇంగ్లీషు కుంఫిణీవారి వర్తకపు కోఠి యుండెడిది. అచ్చటి వస్త్రము ఆ యూరి పేరుతోనే సముద్రము దాటినది. కుంఫిణీవారు సరకు కొనుటకు వెచ్చించు సొమ్మును పెట్టుబడి యనియే పిలిచెడివారు. అది మధ్యవర్తుల చేతులమీదుగా నేతగానికి చేరెడిది. కుంఫిణీ నౌకరులకు జీతము స్వల్పము. సొంత వర్తకమునకు అనుమతి గలదు. విచారించువారు వేలమైళ్ల దూరమున నుండిరి. 1778లో మద్రాసు గవర్నరు సర్ టామస్ రంబోల్డు ఉత్తర సర్కారుల జమీందారులను మద్రాసునకు రప్పించెను. ఆయన వారియొద్ద ధనము గొనెనను అభియోగముపై 1782లో పార్లమెంటున బిల్లు పెట్టిరి. మరుసటి యేట అది విడువబడెను.

ఇందలి పాఠమేమి? ధనము లంచమును పుట్టింపదు. అనుమతి యొక్కని సంతకముపై నాధారపడి, లెక్క మరుగున నున్నచోట, వచ్చిన ధనము లంచమునకు మేత యగును. అట్టిచోటికి నీతిగల వర్తకుడు రాడు. ఇచ్చుటకు జంకనివాడే వచ్చును. లెక్క బహిరంగమైనచోట ఆ ధనమే మేలు చేయును.

ఇందులకే 1977లో అమెరికావారు తమ సంస్థలు పరదేశాధికారులకు లంచమిచ్చుట నేరమని శాసించిరి. మన దేశమున 1988 నాటి చట్టమును 2018లో సవరించి, లంచమిచ్చిన వానిని, వాని సంస్థను గూడ శిక్షార్హులను జేసిరి. బలవంతముపై ఇచ్చినవాడు 7 దినములలో ఫిర్యాదు చేసినచో వానికి శిక్ష లేదు.

ధనము సముద్రము దాటియే రానక్కరలేదు. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. అయినను చేపల చెరువులు లేచెను. 2006లో ప్రభుత్వము వాని గట్లను తెగగొట్టించెను. అనుమతి లేని గట్టు ఒక్కరాత్రిలో లేవదు. చూచినవారు చూడనట్లుండుటచేతనే లేచును. గట్టు తెగినపుడు, సొమ్ము పెట్టినవారు మరియొకచోటికి పోయిరి. అప్పు మిగిలినది సరస్సుపై బ్రతుకు కుటుంబములకు. ఆ యింటి పిల్లలు మా తరగతులలో కూర్చుండిరి.

రేపటి గుమాస్తాలును, వర్తకులును, అధికారులును మీరే. ఆ సంతకము మీ చేతిలో నున్ననాడు ఈ పాఠమును జ్ఞప్తియందుంచుకొనుడు.