బండి అదే, డ్రైవరు వేరు

ఈ ఏటి సంచికకు ఏదైనా శాస్త్రీయ వ్యాసం రాసిమ్మని మా సాహిత్య కార్యదర్శి అడిగినప్పుడు, నేను కృత్రిమ మేధ గురించో అంతరిక్షం గురించో రాస్తాననుకున్నాడు గావును. వాటి గురించి రాసేవారు చాలామందే ఉన్నారు. మనలో చాలామందికి తప్పని ఒక చిన్న పని గురించి, అందులో నేను చేసిన పెద్ద తప్పు గురించి రాయదలచుకున్నాను. ఇంటి దగ్గర చక్కగా నడిచిన వెబ్ ప్రోగ్రాము, సర్వరుకెక్కించగానే 'మాడ్యూలు దొరకలేదు' అనో, 'అనుమతి లేదు' అనో మొండికేస్తుంది. ఎందువలన? కంప్యూటరు శాఖ మిత్రులకు ఇది తెలిసిన గొడవే. మిగతా శాఖల వారు కూడా చదవవచ్చు, లెక్కలేమీ లేవు.

సంగతి ఇది. విద్యార్థి సంఘం పక్షాన రక్తదాతల పేర్లు, గ్రూపులు, ఫోను నెంబర్లు ఒక నోటుబుక్కులో ఉండేవి. ఆ పుస్తకం ఉన్న గది రాత్రి ఎనిమిది దాటితే తాళం. రక్తం అవసరం మాత్రం టైము చూసుకుని రాదు గదా! అంచేత ఆ పట్టికను వెబ్ పేజీగా చేద్దామని, సెలవుల్లో కొత్తవలసలో మా ఇంటి దగ్గర కూర్చుని పైథాన్ భాషలో, ఫ్లాస్క్ సహాయంతో రాశాను. వివరాలన్నీ ఎస్‌క్యూలైట్ ఫైలులో దాచాను. ఇంట్లో ఒక్క పొరపాటు లేకుండా నడిచింది. తరువాత దాన్ని విద్యార్థులందరికీ ఖాతాలున్న ఒక లినక్స్ మెషీనుకు ఎక్కించాను. తెరమీద ఒకే ఒక్క ముక్క: 502, బ్యాడ్ గేట్‌వే.

ఈ 502 గురించి ముందు రెండు మాటలు. సర్వరులో మన ప్రోగ్రాము ఒంటరిగా ఉండదు. వీధి గుమ్మంలో ఎన్జినెక్స్ అనే ప్రోగ్రాము నిలబడి వచ్చిన వారిని పలకరిస్తుంది. దాని వెనుక గునికార్న్ అనేది మన పైథాన్ ప్రోగ్రామును నడుపుతుంది. ఈ గునికార్న్‌ను మెషీను లేచిన వెంటనే లేపేది సిస్టమ్‌డి. 502 అంటే గుమ్మంలోనివాడు 'లోపలివాళ్ళు పలకడం లేదండీ' అని చెప్పడం, అంతే. అసలు కారణం ఆ పేజీలో ఎప్పుడూ ఉండదు, లాగులో ఉంటుంది. నేను ఆ సంగతి తెలియక మొదటి పూటంతా బ్రౌజరునే రిఫ్రెష్ కొడుతూ గడిపాను.

లాగు తెరిస్తే మొదటి మాట: 'నో మాడ్యూల్ నేమ్డ్ ఫ్లాస్క్'. అదేమిటి, ఆ ఉదయమే గదా పిప్‌తో వేశాను! మళ్ళీ వేశాను. 'ముందే ఉంది' అంది పిప్. ఉంది అని ఒకడు, లేదు అని మరొకడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు మా మావయ్యతో ఈ గోడు చెప్పుకున్నాను. ఆయన రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు. కంప్యూటరంటే ఆసక్తి లేదు గాని, మనిషి బాధ చెప్తే వింటాడు. విని, "బండి బాగుంటే సరిపోద్దేటిరా? ఎవడు నడుపుతున్నాడో సూసినావా?" అన్నాడు. మా కొత్తవలస జంక్షను. హౌరా-చెన్నై మెయిన్ లైను ఇటునుంచి అటు పోతుంది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కిరండూల్ లైను ఇక్కడే చీలి, అరకు కొండలెక్కుతుంది. మెయిన్ లైను మీద ఎంత అనుభవమున్న డ్రైవరైనా కొండ లైను నేర్చుకుని సంతకం పెట్టందే ఆ దారిలో బండి నడపకూడదట. దాన్ని రోడ్డు లెర్నింగు అంటారు. దారి తెలిసినా సరే, సిగ్నలు ఇవ్వందే ముందున్న సెక్షనులోకి అడుగు పెట్టకూడదు. దారి తెలియడం ఒకటి, ప్రవేశించే అధికారం ఇంకొకటి. మాడ్యూలు దొరకకపోవడం మొదటిది, అనుమతి లేకపోవడం రెండవది.

ఇంటి దగ్గర ప్రోగ్రామును నడిపింది నేను. నా ఖాతా, నా ఫోల్డరు, నా పైథాను. సర్వరులో నడిపేది నేను కాదు. ఉబుంటు, డెబియన్ మెషీన్లలో వెబ్ పనులకు సాధారణంగా డబ్ల్యు-డబ్ల్యు-డబ్ల్యు-డేటా అనే వేరే ఖాతా ఉంటుంది. సిస్టమ్‌డి నా గునికార్న్‌ను ఆ ఖాతా పేర లేపుతోంది. నేను పిప్‌తో వేసిన ఫ్లాస్క్ నా ఇంటి ఫోల్డరులో ఒక మూల పడి ఉంది. ఆ రెండో ఖాతా దృష్టిలో అది లేనే లేదు.

పైథాన్ మాడ్యూలును ఎలా వెతుకుతుందో ఇక్కడ చెప్పాలి. సిస్.పాత్ అని ఫోల్డర్ల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది. ఇంపోర్టు అనగానే ఆ జాబితాలోని ఫోల్డర్లను వరుసగా చూస్తుంది. మొదట దొరికిన చోట ఆగుతుంది. అందుకే మన ఫైలుకు పొరపాటున ఫ్లాస్క్ అని పేరు పెడితే అసలు ఫ్లాస్క్ బదులు మనదే దొరికి కొంప మునుగుతుంది. ఒక ఫైలును నేరుగా నడిపితే జాబితాలో మొదట ఆ ఫైలున్న ఫోల్డరు చేరుతుంది. ఆ తరువాత ఆ పైథానుకు సొంతమైన గ్రంథాలయం, దానికి చేర్చుకున్న ప్యాకేజీలు. ఒకే మెషీనులో రెండు మూడు పైథాన్లుంటే రెండు మూడు జాబితాలుంటాయి. కనుక 'ఫ్లాస్క్ ఉందా?' అన్నది సరైన ప్రశ్న కాదు. 'ఏ పైథానుకు ఉంది?' అని అడగాలి.

దీనికి మందు వర్చువల్ ఎన్విరాన్‌మెంటు, వాడుకలో వెన్వ్. ప్రోగ్రాముకు ప్రత్యేకంగా ఒక పైథాను, దాని పక్కనే దాని ప్యాకేజీలు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, మెషీను సొంత పైథానులో పిప్‌తో ఏదైనా వేయబోతే 'ఇది బయటివారి నిర్వహణలో ఉంది' అని అదే అడ్డుకుంటోంది. మంచి పనే. అయితే వెన్వ్‌ను 'యాక్టివేట్' చేయడమంటే ఆ టెర్మినలులో మాత్రమే దారి మార్చడం. సిస్టమ్‌డి మన టెర్మినలును చూడదు. సర్వీసు ఫైలులో వెన్వ్ లోపలి గునికార్న్‌కు పూర్తి చిరునామా రాయాలి.

నేను అలాగే రాశాను. ఈసారి '203, ఎగ్జెక్' అని వచ్చింది. నా వెన్వ్ నా ఇంటి ఫోల్డరులో ఉంది. ఉబుంటులో 21.04 (అనగా 2021) నుంచి కొత్త ఖాతాల ఇంటి ఫోల్డర్లకు 750 హక్కులు వస్తున్నాయి. పరాయివాడికి అందులోంచి నడిచే వీలే లేదు. సిస్టమ్‌డి గునికార్న్ దాకా చేరలేకపోయింది.

750 అంటే ఏమిటంటారా? చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మొదటి అంకె యజమానికి, రెండవది గ్రూపుకు, మూడవది లోకులకు. ఫోల్డరు విషయంలో ఆ 1కి అర్థం మారుతుంది: అది దాటి లోపలికి పోయే హక్కు. ఫైలుకు ఎన్ని హక్కులిచ్చినా దారిలో ఒక్క ఫోల్డరుకు ఈ 1 లేకపోతే ఫైలు అందదు. నేమ్-ఐ అనే ఆదేశానికి పొడవాటి వివరాల ఎంపిక జోడించి ఇస్తే, మొదటినుంచి చివరిదాకా ప్రతి మెట్టు హక్కునూ వరుసగా చూపిస్తుంది. దీని గురించి నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఎన్ని పూటలు మిగిలేవో!

ప్రోగ్రామును ఇంటి ఫోల్డరు నుంచి తీసి, ఎస్‌ఆర్‌వి అనే ఉమ్మడి ఫోల్డరులో పెట్టాను. వెన్వ్‌ను కాపీ చేయకూడదు సుమా. లోపలి ఫైళ్ళలో పాత చిరునామాలు రాసి ఉంటాయి. అక్కడే కొత్తగా కట్టాలి. అదీ అయ్యాక నా సొంత ఫైలే దొరకలేదంది. సిస్టమ్‌డికి ఫలానా ఫోల్డరులో నిలబడి నడుపు అని చెప్పకపోతే అది మెషీను మూల ఫోల్డరులో నిలబడుతుంది. వర్కింగ్ డైరెక్టరీ అని ఒక్క వరుస చేరిస్తే పేజీ తెరుచుకుంది. ఆ సాయంత్రం సంఘం గదిలో అందరికీ టీ పోయించాను.

ఇక అసలు కథ. పదిరోజుల తరువాత, ఊరి ప్రకారం వెతికే సౌకర్యం కావాలన్నారు. 'జాబితా' అని ఒక ఫోల్డరు, అందులో 'వెతుకు' అని ఒక ఫైలు రాసి, సుడోతో సర్వరులోకి కాపీ చేసి, రాత్రి తొమ్మిదింటికి సర్వీసును తిరిగి లేపాను. 'నో మాడ్యూల్ నేమ్డ్ జాబితా.వెతుకు'. ఫైలు కళ్ళెదుట ఉంది. పేరు సరిగానే ఉంది. సుడోతో నేనే నడిపితే నడుస్తోంది. అప్పుడే ఫోను మోగింది. ఎవరి నాన్నగారికో ఆపరేషను, ఓ-నెగెటివ్ కావాలి, మీ పేజీ తెరుచుకోవడం లేదేమిటన్నారు. అవతల ఏడుపు గొంతు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. మొత్తం ఫోల్డరుకు సీహెచ్‌మాడ్ 777 కొట్టేశాను. పేజీ వచ్చింది. దాతా దొరికాడు.

777 అంటే అందరికీ అన్ని హక్కులూ. మర్నాడు మా సీనియరు అన్న ఒకడు తన మామూలు ఖాతాతో లాగినై నన్ను పిలిచాడు. "ఏట్రా ఇది? నీ దాతలందరి నెంబర్లు నా ఖాతాలోంచి కనబడతన్నాయి. ఆడపిల్లలవి కూడా. నాను తలుచుకుంటే నీ ప్రోగ్రామే మార్చీగలను." ఆ మెషీనులో ఖాతా ఉన్న ఎవరైనా ఆ రాత్రి ఆ ఫైలును కాపీ చేసుకుని ఉండవచ్చు. చేశారో లేదో తేల్చుకునే మార్గం నాకు లేదు. పేజీని రెండు రోజులు ఆపేసి, పట్టికలో ఉన్న ఒక్కొక్కరికీ ఫోను చేసి జరిగింది చెప్పాను. చాలామంది పరవాలేదన్నారు. నలుగురు తమ పేరు తీసేయమన్నారు, తీసేశాను. అందులో ఒకరిది ఓ-నెగెటివ్.

మరి ఆ రాత్రి జరిగిన అసలు తప్పేమిటి? ఆ మెషీనులో ఉమాస్కు 077. అనగా కొత్తగా పుట్టే ఫోల్డరు యజమానికి తప్ప వేరెవరికీ తెరుచుకోదు. సుడోతో కాపీ చేశాను గనుక యజమాని రూట్. సర్వీసు ఖాతాకు జాబితా ఫోల్డరు పేరు కనిపిస్తుంది గాని లోపలికి పోలేదు. విచిత్రమేమిటంటే, అప్పుడు పైథాన్ 'అనుమతి లేదు' అని చెప్పదు. ఇంపోర్టు యంత్రాంగంలో, ఒక ఫోల్డరును చదవలేకపోతే అది ఖాళీ అన్నట్టే లెక్కవేసుకుని ముందుకు పోయేలా రాసి ఉంది. చివరికి 'మాడ్యూలు లేదు' అని తేలుస్తుంది. ఫోల్డరు తెరుచుకుని ఫైలు ఒక్కటే మూసి ఉంటే మాత్రం 13వ నెంబరు దోషం, పర్మిషన్ డినైడ్, నిజాయితీగా వస్తుంది. అంటే 'దారి తెలియదు' అన్న మాట వెనుక 'సిగ్నలు లేదు' అన్నది దాక్కుని ఉండవచ్చు. రూట్‌కు ఈ తలుపులేవీ అడ్డు కావు గనుక, సుడోతో నడిపి చూసి బాగుందనుకోవడం వృథా. డబ్ల్యు-డబ్ల్యు-డబ్ల్యు-డేటా ఖాతా పేరనే, ఆ వెన్వ్ పైథానుతోనే ఇంపోర్టు చేసి చూడాలి. సుడోకు ఖాతా పేరు చెబితే ఆ పని అర నిమిషంలో అవుతుంది. ఆ అర నిమిషం నేను ఖర్చు పెట్టలేదు.

తరువాత సవరించిన తీరు ఇది. ప్రోగ్రాము ఫైళ్ళకు యజమాని రూట్, గ్రూపు సర్వీసుది. ఫోల్డర్లకు 750, ఫైళ్ళకు 640. సర్వీసు చదవగలదు, మార్చలేదు. వెన్వ్‌ను పడేసి మళ్ళీ కట్టాను. దాతల ఫైలుకు వేరే ఫోల్డరు, అది సర్వీసు ఖాతా సొంతం, 700. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది: ఎస్‌క్యూలైట్ రాసేటప్పుడు పక్కనే తాత్కాలికంగా ఒక జర్నలు ఫైలు పుట్టిస్తుంది. ఫైలుకే కాక ఫోల్డరుకు కూడా రాసే హక్కు లేకపోతే పనిచేయదు. చాలామంది 777కి దిగేది ఈ దగ్గరే అని నా అనుమానం. రెడ్ హ్యాట్ జాతి మెషీన్లలో హక్కులన్నీ సరిగా ఉన్నా 13 వస్తే ఎస్‌ఈలినక్స్ అనే రెండో కాపలాదారును అడగాలి. ఆ కథ వేరే.

ఇప్పుడు మా సర్వీసు లేచిన ప్రతిసారీ లాగులో నాలుగు వరుసలు రాస్తుంది: ఏ ఖాతా, ఏ పైథాను, ఏ ఫోల్డరులో నిలబడింది, సిస్.పాత్ ఏమిటి. మావయ్యకు చూపించి చదివి వినిపించాను. "మరి బండి ఎక్కినోడు సంతకం ముందే పెట్టాల గదా," అన్నాడు. వచ్చే ఏడు ఈ బాధ్యత తీసుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు సర్వీసు ఫైలు, హక్కుల వివరం రాసిన కాగితం సంఘం గది బీరువాలో పెట్టాను. దాతల ఫైలు నకలు ప్రతి ఆదివారం రాత్రి తీయబడుతుంది. ఆ నకలు హక్కు 600.