చిగట: పిల్లిపై గోరంత, ఇంటిలో కొండంత



గడచిన వానకాలమున ఏడవ తరగతిలో పాఠము చెప్పుచుండగా, ముందుబల్లపై కూర్చున్న ఒక బాలిక మాటిమాటికి వంగి కాలు గోకికొనుచుండెను. చూడగా చీలమండ చుట్టును ఎర్రని చిన్న దద్దురులు కనిపించెను. "మా ఇంట పిల్లి యున్నది మాస్టారూ, దానికి పురుగులు పట్టినవి" అని ఆమె చెప్పెను. ఆ పురుగు పేరేమని తరగతిని అడిగితిని. ఒకరు పేను అనిరి. ఒకరు నల్లి అనిరి. మరియొకరు గోమారి అనిరి. కడకు ఆ బాలికయే "మా వీథిలో అందరు చిగట అందురు" అనెను. ఆమె చెప్పినదే సరియైనది. కన్నడమున దానిని చిగట అందురు. తమిళులు తెళ్ళు అనియు, మరాఠీవారు పిసు అనియు పిలుతురు. పొరుగు భాషలో మంచి మాట దొరకినప్పుడు పుచ్చుకొనుట మనకు చిన్నతనము కాదు. ఈ పాఠమున ఆ పేరే వాడెదను.

గుర్తించు విధము

పురుగు ఏదో తెలియనిదే మందు తెలియదు. పేను తలవెండ్రుకలను పట్టుకొని ప్రాకునే గాని దూకలేదు. నల్లి పగలు మంచపు సందులలో దాగి, రాత్రి వచ్చి కుట్టిపోవును. ఎదిగిన గోమారికి ఎనిమిది కాళ్ళుండును. అది చర్మమున నోరు నాటి, కదలక, రక్తముతో ఉబ్బును. చిగటకు ఆరు కాళ్ళు, రెక్కలు లేవు. పొడవు 1 మొదలు 3 మిల్లీమీటర్లు. రంగు ముదురు గోధుమ. ఒడలు రెండు ప్రక్కల నొక్కినట్లు పలుచగా నుండుటచే వెండ్రుకల నడుమ సులభముగా దూరిపోవును. వెనుకకాళ్ళు పొడవగుటచే, వ్రేలితో పట్టబోవునంతలో దూకి మాయమగును. పిల్లులపై సాధారణముగా కనిపించు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టీనోకెఫాలైడిస్ ఫెలిస్. ఇది కుక్కలకును పట్టును.

చిగట కంటబడకున్నను పరీక్ష యొకటి కలదు. తడిపిన తెల్లని గుడ్డపై పిల్లిని నిలిపి, నడుము మీదను తోక మొదటను పేలదువ్వెనతో దువ్వవలెను. రాలిన నల్లని నలుసుల చుట్టును కొంతసేపటికి ఎర్రని మరక వ్యాపించినచో, అది మన్ను కాదు, చిగట మలమని తెలిసికొనవలెను. అందున్నది పిల్లి రక్తమే.

నేను చేసిన తప్పు

పదునైదేండ్ల క్రిందట మా ఇంటిలో ఒక చారల పిల్లి యుండెను. దానికి చిగటలు పట్టగా, నేను అంగడికి పోయి కుక్కల కొరకు చేసిన మందు తెచ్చి, కుక్కకు పనికివచ్చునది పిల్లికి మాత్రము పనికిరాదా యని, దాని మెడపై పోసితిని. ఆ సాయంకాలమే దాని ఒడలు వణకసాగెను. నోట నురుగు వచ్చెను. పశువైద్యునికి చూపినను తెల్లవారులోగా ప్రాణము విడిచెను. ఆ మందులో పెర్మెత్రిన్ అను ద్రవ్యము కలదు. కుక్క శరీరము దానిని విరిచివేయగలదు. పిల్లి కాలేయమునకు ఆ శక్తి చాలదు. పెట్టెపై "పిల్లులకు వాడరాదు" అని ఆంగ్లమున చిన్న అక్షరములతో ముద్రించియే యుండెను. ఆరవ తరగతి చదువుచున్న మా అమ్మాయి కూడబలుకుకొని ఆ మాటలు చదివి, "నాన్నగారూ, మీరు ఇది చూడలేదా?" అని అడిగెను. పదిమందికి చదువు చెప్పు నాకు ఆ ప్రశ్నకు నేటికిని బదులు లేదు.

పిల్లి పోయినది గాని చిగటలు పోలేదు. వారము తిరుగక మునుపే అవి మా కాళ్ళను కుట్టసాగెను. పిల్లియే లేని యింటికి అవి ఎచ్చటి నుండి వచ్చినవి? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే ఈ పాఠము నేర్చుకొంటిని.

చిగట జీవితచక్రము

ఆడ చిగట రక్తము త్రాగిన ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పెట్టుటకు మొదలిడును. దినమునకు 20 మొదలు 50 వరకు పెట్టగలదు. నున్నని ఆ గ్రుడ్లు వెండ్రుకలకు అంటక జారి, పిల్లి పండుకొను చోటెల్ల రాలును. కొలది దినములలో వాని నుండి కాళ్ళు లేని సన్నని పురుగులు వెలువడును. వీనికి వెలుతురు గిట్టదు. చాపల క్రిందను, గోనెల నడుమను, నేల బీటలలోను దాగి, రాలిన చిగట మలమును తిని పెరుగును. పిదప పట్టువంటి దారముతో గూడు కట్టుకొనును. ఆ గూటికి దుమ్ము అంటుకొనుటచే అది కంటికి ఆనదు.

వేడియు చెమ్మయు అనుకూలించినచో గ్రుడ్డు చిగట యగుటకు సుమారు మూడు వారములు చాలును. కాని గూటిలోని చిగటకు తొందర లేదు. నెలల తరబడి వేచియుండగలదు. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనము, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు తగిలినప్పుడు వెలుపలికి దూకును. వేసవి సెలవులకు తాళము వేసిన యింట తిరిగి అడుగుపెట్టగానే కాళ్ళను కుట్టుటకు కారణ మిదియే.

చిగట పట్టిన యింట నూటికి సుమారు 5 మాత్రమే పెద్ద చిగటలై పిల్లిపై నుండును. తక్కిన 95 గ్రుడ్లుగను, పురుగులుగను, గూళ్ళుగను ఇంటిలో నుండునని అంచనా. పిల్లికి మాత్రమే మందు వేయువాడు నారుమడిని విడిచి ఒక్క మొక్కను పెరికినవాడగును.

చికిత్స

మొదటిది పిల్లి. ఫిప్రోనిల్, సెలామెక్టిన్ మొదలగు మందులలో పిల్లికొరకే చేసినది, దాని బరువును బట్టి, పశువైద్యుని అడిగి తేవలెను. మెడ వెనుక, నాలుక అందని చోట, వెండ్రుకలు పాయదీసి చర్మముపై వేయవలెను. సాధారణముగా నెలకొకసారి వేయుదురు. ఇంట నున్న పిల్లులకును కుక్కలకును, దేనికి తగిన మందు దానికి, ఒకేసారి వేయవలెను. ఎనిమిది వారములు నిండని కూనలకు వైద్యుడు చెప్పనిదే మందు వేయరాదు; పేలదువ్వెనతో దువ్వి, చిక్కిన చిగటలను సబ్బునీటిలో ముంచవలెను. కూన చిగుళ్ళు తెల్లబడి మందకొడిగా నున్నచో, రక్తము తగ్గినదని గ్రహించి వెంటనే వైద్యునికి చూపవలెను.

రెండవది ఇల్లు. పిల్లి పండుకొను గుడ్డలను వారమున కొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి ఎండబెట్టవలెను. చాపలు, గోనెలు, పరుపులు ఎండలో వేయవలెను. చిగట పురుగులు ఎండకును పొడికిని తాళలేవు. మంచముల క్రింద, మూలలలో, బీటలలో దినదినము ఊడ్చి, ఆ చెత్తను సబ్బునీటిలో ముంచి పారవేయవలెను. బీటలను పూడ్చుట మరియు మంచిది.

మూడవది ఓపిక. గూటిలోని చిగటను మందులు సులభముగా చంపలేవు. కాబట్టి మందు వేసిన రెండు వారములకు క్రొత్త చిగటలు కనిపించిన, మందు పనిచేయలేదని మానరాదు. రెండు మూడు నెలలు విడువక చేసినగాని ఇల్లు శుభ్రపడదు.

కిరసనాయిలు, ఫినాయిలు, కర్పూరము, క్రిమిసంహారక పొడులు పిల్లికి పూయరాదు. పిల్లి తన ఒడలు నాకుకొను జంతువు. పైన పూసినదెల్ల కడుపులోనికే పోవును. ఆ నాకుటలోనే చిగటను మ్రింగిన పిల్లికి బద్దెపురుగు పట్టును. దోసగింజల వంటి దాని ముక్కలు తోక క్రింద కనిపించిన, ఆ పురుగునకును మందు ఇప్పించవలెను.

పిల్లిని వెళ్ళగొట్టవలెనా?

చిగట పేరు వినగానే ఇంటి పెద్దలు ప్లేగును తలచుకొందురు. ఆ భయము కారణము లేనిది కాదు. 1898లో బెంగుళూరు నగరమున ప్లేగు చెలరేగెను. ఆ యేటనే కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుకల చిగటలు ఆ వ్యాధిని మోయునని ప్రయోగము చేసి చూపెను. కాని అందు ముఖ్యమైనది ఎలుక చిగట. అది వేరు జాతి. పిల్లిని తరిమిన ఇంట చిగట గూళ్ళు మిగులును, ఎలుకలు పెరుగును. పిల్లి నుంచుకొని ఇంటిని శుభ్రము చేయుటయే తెలివి.

ఆ బాలిక తల్లి ఈ విధముగనే చేసెను. దీపావళి సెలవులు ముగిసి బడి తెరచిన నాడు ఆమె కాళ్ళపై దద్దురులు లేవు. పిల్లియు ఇంటనే యున్నదని చెప్పెను. మీరును ఏ మందు తెచ్చినను పెట్టెపై నున్న అక్షరములను, అవి ఏ భాషలో నున్నను, చదివిన పిదపనే మూత తీయుడు. చదువరానిచో చదువగలవారిని అడుగుడు.

ప్రశ్నలు

1. చిగటకును గోమారికిని గల భేదము లేవి?
2. తడిపిన తెల్లగుడ్డపై మరక ఏల వ్యాపించును?
3. తాళము వేసిన యింట చిగటలు ఎట్లు నిలిచియుండును?
4. కుక్కల మందు పిల్లికి ఏల వాడరాదు?
5. మీ ఇంట పిల్లి పండుకొను చోట్లను ఒక పటముగా గీసి, ఊడ్చవలసిన స్థలములను గుర్తింపుడు.

— ప్రధానోపాధ్యాయుడు