దీఘాలో పన్నెండు మందికి వంట

పోయిన వేసవిలో దీఘా వెళ్ళినప్పుడు ఉజ్జాయింపుగా వండుకున్నాం. చివరి పూట అన్నం చాలలేదు. అమ్మమ్మ తనకు ఆకలి లేదన్నారు. మాకు తెలుసు, ఉంది.

అందుకే ఈసారి కోల్‌కతాలోనే లెక్క వేశాం. మనిషికి పూటకు 125 గ్రాముల బియ్యం. పన్నెండు మందికి కిలోన్నర, నాలుగు పూటలకు 6 కిలోలు. చిన్నపిల్లలు తక్కువ తింటారని తగ్గించలేదు. సముద్రంలో ఆడివచ్చాక వాళ్ళే ఎక్కువ తింటారు!

కందిపప్పు, చింతపండు, కరివేపాకు లేక్ మార్కెట్‌లో కొన్నాం. రైల్లోకి పులిహోర కట్టుకున్నాం. చింతపండు పులుపువల్ల అది త్వరగా పాడవదు. పెరుగన్నం ఈ ఉక్కకు పులిసిపోతుంది కాబట్టి పెరుగు అక్కడే కొన్నాం. చేపలు ఏ పూటకాపూటే.

చివరి పూట అమ్మమ్మ మారు అన్నం వడ్డించుకున్నారు.