ప్రమాణముతోపాటు వైద్యము

ఇక త్రాగనని దేవుని సన్నిధిని ప్రమాణము చేసిన సహోదరుని చూచి సంఘమంతయు సంతోషించును. ఆ సంతోషము తగినదే. అయితే ఆ రాత్రియు, తరువాతి రెండు మూడు దినములును అతని యింట ఏమి జరుగునో తలంచువారు మనలో కొద్దిమందియే.

ఏండ్ల తరబడి ప్రతిదినము విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినప్పుడు, కొన్ని గంటలలోనే చేతులు వణకును, చెమటలు పోయును, నిద్ర పట్టదు. మొదటి రెండు దినములలో కొందరికి మూర్ఛలు వచ్చును. రెండు మూడు దినములకు మరికొందరికి మతి చలించి, లేని పురుగులు గోడపై ప్రాకుచున్నట్లు కనబడును. జ్వరమును గుండెదడయు కలుగును. ఈ స్థితిని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అందురు. చికిత్స లేనియెడల దీనివలన ప్రాణము పోవచ్చును. ఇంటివారో, దయ్యము పట్టెననియు, లేదా మరల త్రాగుటకై నటించుచున్నాడనియు తలంచి గదిలో పెట్టి గడియ వేయుదురు. ప్రేమతోనే చేయుదురు గాని, అది ప్రమాదము.

దీనికి కారణమేమి? మద్యము మెదడు వేగమును అణచును. నిత్యము అణచబడు మెదడు దానికి ఎదురొడ్డి తన వేగమును పెంచుకొనును. అణచునది హఠాత్తుగా తొలగినప్పుడు ఆ వేగము పగ్గము తెగిన ఎద్దువలె పరుగెత్తును. ఇది విశ్వాస లోపము కాదు, దేహధర్మము. వైద్యులు కొన్ని దినములపాటు తగిన మందులిచ్చి, క్రమముగా తగ్గించి, థయమిన్ అను విటమినును కూడ ఇచ్చి రోగిని ఈ గండము దాటింతురు.

దేశ రాజధాని ప్రాంతములో నివసించు తెలుగు కుటుంబములకు ఇట్టి సహాయము దూరమున లేదు. ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ వ్యసనముల చికిత్సకై 1988లో ఆరంభించిన విభాగము, 2003 నుండి గాజియాబాదులో జాతీయ కేంద్రముగా పనిచేయుచున్నది. ఈ కేంద్రము జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడెను. మద్యపానము వలన సహాయము అవసరమైనవారు మన దేశమున సుమారు 5.7 కోట్లమంది అని అది తెలిపెను. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందుచున్నారట! మిగిలిన 37 మందిలో మన సంఘముల వారు లేరని ఎవరు చెప్పగలరు?

హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుల సంగతి కొంత వేరు. వాటిని మానునప్పటి బాధ భయంకరమైనను సామాన్యముగా ప్రాణము తీయదు. కొన్ని వారములు మానిన పిమ్మట పాత మోతాదునే మరల తీసికొనుటలో మరణమున్నది. అప్పటికి దేహము దానిని తట్టుకొను శక్తిని కోల్పోయియుండును. కనుకనే వైద్యులు బ్యూప్రెనార్ఫిన్ వంటి మందును నెలలు, ఒక్కొకప్పుడు ఏండ్లు ఇత్తురు. ఒక మత్తుకు బదులు మరియొక మత్తు అని కొందరు విశ్వాసులు దీనిని ఆక్షేపింతురు. మధుమేహరోగి ఇన్సులిన్ తీసికొనుటను ఆక్షేపింపని మనము దీనిని ఆక్షేపించుట న్యాయము కాదని నా తలంపు.

పిల్లల విషయమున మరియొక మాట. పంక్చరు అతికించు జిగురు, థిన్నరు మొదలగువాటి వాసన పీల్చు అలవాటు పెద్దలకంటె పిల్లలలోనే అధికమని ఆ సర్వే చూపెను. బిడ్డ బట్టలకు అట్టి ఘాటైన వాసన యుండుట, చదువు అకస్మాత్తుగా తగ్గుట చూచినయెడల కొట్టక, నెమ్మదిగా అడుగవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. మరుసటి సంవత్సరము ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడెను. దుకాణము మూయించుట ఇంకను మొదలుపెట్టనివానికి మేలు. ఇదివరకే బానిసయైనవానికి అది చాలదు. గాయపడినవానిని పూటకూళ్లవాని యింట చేర్చి, ఖర్చు పెట్టి, మరల వచ్చెదనని చెప్పిన సమరయుని తలంచుకొనుడి. చికిత్స పొందినవాడు తిరిగి పడిపోవుట తరచుగా జరుగును. అప్పుడు అతని పేరు సంఘములో చాటక, మరల వైద్యుని యొద్దకు తోడు వెళ్లవలెను.

ఎక్కడికి వెళ్లవలెనో తెలియనివారు 14446 అను ఉచిత జాతీయ సహాయవాణికి ఫోను చేయవచ్చును. వైద్యుని యొద్దకు పోవునప్పుడు దినమునకు ఎంత త్రాగుచున్నాడు, కడపటిసారి ఎప్పుడు త్రాగెను, మునుపు మానినప్పుడు మూర్ఛ వచ్చెనా, వేరే మందులేమైన వాడుచున్నాడా అను సంగతులు వ్రాసికొని పోవుడి. ఇదివరకే మూర్ఛయో మతిభ్రమణమో కనబడినయెడల తెల్లవారువరకు ఆగక, దగ్గరనున్న ఆసుపత్రి అత్యవసర విభాగమునకు వెంటనే తీసికొని పోవలెను.