ఒంటరి మనిషికి నెలకు అయిదు వేలు చాలునా?



రమజాన్‌లో జకాత్ తీసేటప్పుడు వితంతువులు, అనాథలు, పిల్లలున్న పేద తండ్రులు వెంటనే మన గుర్తుకు వస్తారు. రావలసిందే. కానీ ఎంతో కొంత జీతం వస్తున్న పెళ్లికాని యువకుడు గుర్తుకు రాడు. "ఒక్కడే కదా, వాడికేం ఖర్చు?" అనేస్తాం. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ వ్యాసంలో లెక్క వేసి చూద్దాం. ఝరాసంగం మండలంలోని ఒక చిన్న మస్జిద్‌లో, సొంత ఊరికి దూరంగా ఒంటరిగా ఉంటూ అజాన్ ఇచ్చే మౌజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

వచ్చేది ఎంత?

వక్ఫ్ బోర్డులు ఇమాములకు వేతనం చెల్లించాలని సుప్రీంకోర్టు 1993లో తీర్పు ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఇమాములకు, మౌజన్‌లకు ఇచ్చే గౌరవ వేతనం 2018లో నెలకు 5,000 రూపాయలైంది. జమాత్ ఇచ్చేది ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా ఉంటుంది కనుక, ఈ 5,000 మీదనే లెక్క వేద్దాం.

2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే 5,000 రూపాయలు పదహారు రోజుల కూలితో సమానం. మౌజన్ మాత్రం నెలలో ముప్ఫై రోజులూ, రోజుకు అయిదు పూటలూ హాజరు కావాలి. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం ఉన్నా, జొహర్, అసర్ అజాన్‌లు వదిలి షిఫ్టుకు పోలేడు.

సగటు లెక్కలో ఉన్న చిక్కు

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో ఒక మనిషి సగటు నెల ఖర్చు 4,802 రూపాయలు. అది చూసి, 5,000 సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ అది కుటుంబం ఖర్చును తలలతో భాగించిన లెక్క. నలుగురికి వండినా ఒక్కడికి వండినా పొయ్యి ఒకటే, గది ఒకటే, బల్బు ఒకటే. కుటుంబంలో నలుగురు పంచుకునే భారాన్ని ఒంటరివాడు ఒక్కడే మోస్తాడు. పైగా సొంత ఇంట్లో ఉన్నవారికి ఆ సర్వేలో అద్దె కలపరు. పరాయి ఊళ్లో ఉన్నవాడికి అద్దె తప్పదు.

ఈ తేడాను కొలవడానికి ఓఈసీడీ దేశాల్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మొదటి పెద్దకు 1, తరువాతి ప్రతి పెద్దకు 0.5, ప్రతి పిల్లవాడికి 0.3 చొప్పున లెక్కిస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి మొత్తం 2.1 అవుతుంది. నలుగురి ఖర్చు 19,208 రూపాయలను 2.1తో భాగిస్తే, అదే స్థాయిలో బతకడానికి ఒంటరి మనిషికి సుమారు 9,150 రూపాయలు కావాలి. మన పల్లెల్లో అద్దెలు తక్కువ, ఖర్చులో తిండి వాటా ఎక్కువ కనుక అంత తేడా ఉండదనుకుందాం. ఆ తేడాలో సగమే తీసుకున్నా దాదాపు 7,000 అవుతుంది.

పళ్లెంలో ఏముండాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒక మనిషి రోజు ఆహారంలో 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, 27 గ్రాముల నూనె ఉండాలంటుంది. నెలకు చూస్తే బియ్యం, జొన్నలు ఏడున్నర కిలోలు, పప్పు రెండున్నర కిలోలు, కూరగాయలు 12 కిలోలు, పండ్లు 3 కిలోలు, పాలు 9 లీటర్లు, నూనె ముప్పావు కిలో పైన. లెక్క కోసం కిలో ధాన్యం 45, పప్పు 130, కూరగాయలు 40, పండ్లు 80, నూనె 150, లీటరు పాలు 60 రూపాయలు అనుకుంటే, దాదాపు 2,050 రూపాయలు. గ్యాస్‌కు 450 కలిపితే 2,500. మాంసం, గుడ్డు, చాయ్, మసాలా ఇందులో లేవు. రేషన్ బియ్యం ఉన్నా, అతని పేరు తల్లిదండ్రుల కార్డులో ఉంటే ఆ బియ్యం వాళ్లే తింటారు.

మిగిలిన 2,500లో గది అద్దె 1,500 అనుకుంటే చేతిలో 1,000 ఉంటుంది. సబ్బు, బట్టలు, ఫోను, జహీరాబాద్ బస్సు చార్జీ, జ్వరం వస్తే మందులు, ఊళ్లో ఉన్న అమ్మకు పంపే డబ్బు, అన్నీ అందులోనే. రేపటి పెళ్లికి దాచడానికి ఏమీ మిగలదు. అప్పు చేయకుండా ప్రాణం నిలుస్తుందేమో గాని జీవితం ముందుకు సాగదు.

షరీఅత్ చూపిన దారి

హజ్రత్ అబూబకర్ (రజి) ఖలీఫా అయిన తరువాత కూడా బట్టలు అమ్మడానికి బజారుకు బయలుదేరారు. అప్పుడు సహాబాలు ఆయనకు బైతుల్‌మాల్ నుంచి భత్యం నిర్ణయించారు. సమాజం పనికి కట్టుబడినవాడి పోషణ సమాజానిదే అన్నమాట. సునన్ అబూదావూద్‌లో ముస్తౌరిద్ బిన్ షద్దాద్ (రజి) ఉల్లేఖించిన హదీసు, ప్రజల పనికి నియమితుడైనవాడికి పెళ్లి, ఇల్లు కూడా అవసరాలేనని తెలుపుతుంది. బఖరా సూరా 273వ ఆయతు, అల్లాహ్ మార్గంలో కట్టుబడి సంపాదనకు తిరగలేనివారి గురించి చెబుతుంది. వారు చేయి చాచరు కనుక, తెలియనివారు వారిని కలిగినవారనుకుంటారు.

జీతం ఉన్నంత మాత్రాన జకాత్‌కు అనర్హులు కారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం కనీస అవసరాలు, అప్పులు పోగా నిసాబ్ విలువ, అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువ, దగ్గర లేనివాడు అర్హుడు. అయితే జకాత్‌ను అజాన్‌కు, ఇమామత్‌కు జీతంగా ఇవ్వరాదు. జీతం లిల్లాహ్ చందా నుంచే రావాలి. జకాత్ అతని పేదరికం చూసి, ప్రతిఫలం ఆశించకుండా అతని చేతికే అందాలి. సందేహమున్నచోట ఉలమాను అడగాలి.

మనం చేయగలిగింది

మొదటిది, మస్జిద్ ఆవరణలో ఒక గది, చిన్న వంటగది. అద్దె తప్పితే నెలకు 1,500 మిగులుతుంది. రెండవది, నలభై ఇళ్లు నెలకు యాభై రూపాయల చొప్పున లిల్లాహ్ ఇస్తే 2,000 అవుతుంది. 5,000తో కలిపితే మన లెక్కలోని 7,000 నిండుతుంది. మూడవది, జబ్బుకు, పెళ్లికి అర్హతను బట్టి జకాత్, సదఖా, పదిమందిలో కాకుండా గుట్టుగా.

ఈ లెక్క మౌజన్‌కే కాదు. దుకాణంలో గుమాస్తాకు, ప్రైవేటు బడిలో పంతులమ్మకు, హాస్టల్లో ఉండి పనిచేసే అమ్మాయికి కూడా వర్తిస్తుంది. ఈసారి సహాయానికి పేర్లు రాసేటప్పుడు "ఇంట్లో ఎంతమంది?" అని మాత్రమే అడగకుండా, "ఖర్చులు పోను నీకు ఏమి మిగులుతోంది?" అని కూడా అడుగుదాం.

అల్లాహ్ మన దానాలను స్వీకరించి, అవి హక్కుదారులకు చేరేలా చేయుగాక. ఆమీన్.